దారి మళ్ళిన యాత్ర

అనంతపురము నుండి ఒక కుటుంబము కారులో లేపాక్షి వీరభద్రస్వామి దర్శనమునకు బయలుదేరినదనుకొందము. వైశాఖపు టెండ. పెనుకొండ దాటగనే గొఱ్ఱెల కాపరి యొకడు వడదెబ్బ తగిలి బాట ప్రక్కన పడియున్నాడు. వానిని ఆసుపత్రికి చేర్చవలెనన్న బండిని వెనుకకు త్రిప్పవలెను, అభిషేకవేళ తప్పును. సంకల్పము చెప్పుకొని బయలుదేరిన ఇంటి పెద్దకు మనస్సు ఊగిసలాడుట సహజమే.

సీతను రావణుడు దక్షిణదిశకు కొనిపోయెనని చెప్పి జటాయువు ప్రాణములు విడిచెను. దిక్కు తెలిసినది. ఇక ప్రతి ఘడియయు విలువైనదే. అయినను శ్రీరాముడు కదలలేదు. లక్ష్మణునిచే కట్టెలు తెప్పించి, ఆ పక్షికి తన చేతులతో దహనసంస్కారము చేసి, గోదావరిలో ఉదకము విడిచిన పిదపనే ముందునకు సాగెను. గోదావరి యెక్కడ, లేపాక్షి యెక్కడ యని అడుగువారున్నారు. జటాయువు తమ యూరనే పడెననియు, రాముడు 'లే, పక్షీ' యని పిలిచెననియు లేపాక్షివారు చెప్పుకొందురు. స్థలపురాణముతో భూగోళవాదము పెట్టుకొనరాదు.

సీతాన్వేషణమును మించిన సంకల్పము ఏ యాత్రికునకు గలదు? అంతటివాడే ఆగెను గదా! కావున బండి త్రిప్పిన పెద్దకు సంకల్పభంగదోషము లేదు. విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలము నుండి, అనగా 16వ శతాబ్దము నుండి, ఆ కోవెల అచటనే యున్నది. మరునాడు పోయినను స్వామి కనబడును. మందను కాయుటకు పెద్దకొడుకును అక్కడనే దింపి వెళ్ళినచో మరియు మేలు.