ఇంటికి ఎంత అడుగవలెను?

ధ్యానభాగము: ఆదికాండము 23వ అధ్యాయము



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన ఇల్లు కొనుటయు అంత తేలికైన పని కాదు. అమ్మువాడు ఒక అంకె చెప్పును. కొనువాడు ఎంతకు అడుగవలెనో తెలియక రాత్రులు నిద్ర మానుకొనును. ఇది లోకసంబంధమైన సంగతి గనుక వాక్యముతో దీనికి పనిలేదని మనలో కొందరు తలంచుదురు. అయితే ఆదికాండములో ఒక అధ్యాయమంతయు ఒక భూమి బేరమునకే చెల్లినది. పరిశుద్ధాత్ముడు దానిని ఊరక వ్రాయించెనా?

శారా నూట ఇరువది యేడు సంవత్సరములు బ్రదికి హెబ్రోనులో మృతిబొందెను. అబ్రాహాము ఆ దేశములో పరదేశి. పాతిపెట్టుటకు అడుగు నేలయైనను అతనికి లేదు. అతడు హేతు కుమారుల యొద్దకు వెళ్లి మక్పేలా గుహను నిండు వెలకు ఇమ్మని అడిగెను. ఎఫ్రోను మొదట పొలమును గుహను ఊరకనే ఇచ్చుచున్నాననెను. అబ్రాహాము ఒప్పుకొననందున, మన మధ్య అది యెంత అన్నట్లుగా మాటలలో మాటగా నాలుగువందల తులముల వెండి అని చెప్పెను. మన రచ్చబండ యొద్ద ఇట్టి మర్యాద మనమెరుగనిది కాదు. “మన మధ్య డబ్బేమిటన్నా” అని మొదలుపెట్టినవాడే గట్టి అంకె చెప్పును! ఆ వెండి తూకమునకు సుమారు నాలుగున్నర కిలోలు. ఆ వెల ఎక్కువేయని పండితులలో అనేకుల అభిప్రాయము. అబ్రాహాము మారుమాటాడక తూచి ఇచ్చెను. పొలము, గుహ, హద్దులలోని చెట్లు సహా ఊరి గవినియొద్ద అందరి యెదుట అతనికి స్థిరపరచబడెను. చాల కాలమునకు యాకోబు ఐగుప్తులో మరణశయ్యపై ఉండి, తన్ను ఆ గుహలోనే పాతిపెట్టుమని కుమారులకు చెప్పినప్పుడు, అమ్మినవాని పేరు సహా చెప్పగలిగెను.

ఇక్కడ మనము ఒక సంగతి గమనింపవలెను. ఈ బేరములో శవము ఇంటనున్నవాడు కొనువాడు. అతని అక్కర అమ్మువానికి తెలిసియుండెను. మన గ్రామములలో తరచుగా ఇది తారుమారుగా ఉండును. ఆపద అమ్మువాని యింట నుండును. అది కొనువానికి తెలిసియుండును.

ఒక విధవరాలైన సహోదరి తన పెంకుటిల్లు అమ్మబోవుచున్నదనుకొందము. కుమారుడు పట్టణపు ఆసుపత్రిలో ఉన్నాడు. శనివారములోగా డబ్బు కట్టవలెను. స్థలము నాలుగు సెంట్లు. అదే వీధిలో నిరుడు సెంటు లక్షన్నరకు అమ్ముడుపోయినది. ఆ చొప్పున స్థలమునకు ఆరు లక్షలు. పాత ఇంటి గోడలకును కలపకును ఎనుబది వేలు వేయుదము. దూలమునకు చెదలు పట్టినది, పెంకులు సగము మార్చవలెను. దానికి అరువది వేలు తీసివేయుదము. ఆరు లక్షల ఇరువది వేలు తేలినది. ఈ అంకెలు లెక్క కొరకు అనుకొన్నవే; మీ ఊరి ధరలు మీకు తెలియును. ఇప్పుడు సంఘములోని ఒక సహోదరుడు వెళ్లి నాలుగు లక్షలనును. ఆమె కన్నీరు తుడుచుకొని ఒప్పుకొనును. తక్కువైన రెండు లక్షల ఇరువది వేలు దేని వెల? చెదలకు ముందే తీసివేసితిమి, పెంకులకును తీసివేసితిమి. అది ఆ పిల్లవాని జబ్బు వెల. దానిని ఆ సహోదరుడు తన జేబులో వేసికొని, ఆదివారమున అందులోనుండి కానుక తెచ్చును.

బేరమాడుట పాపమని మేము చెప్పుటలేదు. ఆరు లక్షల ఇరువది వేలు చేయు ఇంటిని ఆరు లక్షలకు అడిగి, నడుమ ఎక్కడనో కుదుర్చుకొనుట లోకములో అందరెరిగిన పద్ధతి. అందులో మోసము లేదు. ఉన్న లోపము చూపి వెల తగ్గింపుమనుటయు న్యాయమే. సామెతల గ్రంథము 20వ అధ్యాయములో కొనువాడు వస్తువును పనికిరానిదని తూలనాడి, ఇంటికి పోయి తన తెలివికి తానే మురిసికొనునని చెప్పబడినది. తప్పు అక్కడ ఉన్నది. గోడ బాగుగనే ఉన్నదని తెలిసియు బీటలు వారినదనుట, వాస్తు బాగులేదని తాను నమ్మని మాటతో ఆమెను భయపెట్టుట, ఇంకెవ్వరును కొనకుండ ముందుగానే నలుగురి నోరు కట్టివేయుట విశ్వాసులకు తగదు.

లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులకు వెల కట్టు విధమును నేర్పెను. సునాద సంవత్సరమునకు ఇంకను ఎన్ని పంటలున్నవో లెక్కించి, ఆ లెక్క చొప్పున వెల ఉండవలెను. ఎక్కువ పంటలుండిన ఎక్కువ, తక్కువ పంటలుండిన తక్కువ. అమ్మువాని బీదతనము ఆ లెక్కలో ఎక్కడను చేరలేదు. అంతేకాదు, ప్రాకారముగల పట్టణములో ఇల్లు అమ్మినవానికి విడిపించుకొనుటకు ఒక సంవత్సరమే గడువు. ప్రాకారములేని పల్లెలలోని ఇండ్లు పొలములతో సమానముగా ఎంచబడి, సునాద సంవత్సరమున తిరిగి రావలెను. పల్లెవాని ఇంటిమీద దేవునికి అంత కనికరము.

అయితే కొనువాని సంగతియు చూడవలెను. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించునని ప్రభువు చెప్పెను. స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము, దస్తావేజు వ్రాత కూలి, మరమ్మతులు అన్నియు వెలకు పైన వచ్చును. లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినయెడల నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరువది నాలుగు వేలు. పంటకు గాని డబ్బు చూడనివాడు అది నెల నెలకు ఎట్లు కట్టును? పొరుగువారు ఎక్కువ చెప్పిరని పంతమునకు పోయి వెల పెంచుట దాతృత్వము కాదు. శక్తి చాలనివాడు దానిని దాచనక్కరలేదు. “అక్కా, ఈ ఇల్లు ఆరు లక్షలు దాటుతుంది. నా చేతిలో అయిదే ఉన్నవి. ఎవరైనా ఎక్కువ ఇస్తే వాళ్లకే ఇవ్వు, నాకేమీ కోపము లేదు” అని చెప్పి ఆమెకు నాలుగు దినములు వ్యవధి ఇచ్చినవాడు తక్కువకు అడిగినను నీతిమంతుడే.

అంకె చెప్పకముందే కాగితములు చూడవలెను. యిర్మీయా చెరసాల ప్రాకారములో ఉండియు, అనాతోతు పొలమును పదునేడు తులములకు కొని, సాక్షులను పిలిచి, ముద్రవేసిన పత్రమును విప్పియున్న పత్రమును మంటికుండలో భద్రపరచెను. మనమో, తెల్లకాగితముమీద వ్రాసికొని చాలుననుకొందుము! తెలంగాణలో దీనిని సాదాబైనామా అందురు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు లేక అంతకు మించిన విలువగల ఇంటి అమ్మకము రిజిస్టరైన దస్తావేజు మూలముననే జరుగవలెను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఈ.సి. తీసికొనినయెడల ఇంటిమీద రిజిస్టరైన తాకట్టు ఉన్నదో లేదో తెలియును. ప్రభుత్వము పేదలకిచ్చిన స్థలములు మన పేటలలో తక్కువ కావు. వాటి అమ్మకమును 1977వ సంవత్సరపు చట్టము నిషేధించినది. తరువాత దానికి సవరణలు వచ్చినవి గనుక తహశీల్దారు కార్యాలయములో అడిగి తెలిసికొనక బయానా ఇయ్యరాదు.

ఇంకొక మాట, కొందరికి రుచించకపోవచ్చును. ఆరు లక్షలకు కొని దస్తావేజులో మూడు లక్షలని వ్రాయించుట మామూలై పోయినది. ఎఫ్రోను చెప్పిన వెల, అబ్రాహాము తూచిన వెల, గవినియొద్ద జనులు వినిన వెల ఒక్కటే. స్థిరాస్తి బేరములో ఇరువది వేల రూపాయలు లేక అంతకు మించి నగదుగా పుచ్చుకొనుటకు 2015 జూన్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టములో అడ్డు పెట్టబడినది. బ్యాంకు ద్వారా ఇచ్చిన సొమ్ము ఆ సహోదరికి కూడ క్షేమకరము. దారిలో ఎవరును అప్పు అని లాగుకొనజాలరు.

అమ్మనను ఇంటికి ఏ వెలయు సరి కాదు. నాబోతుతో అహాబు మొదట మాటాడిన మాట చెడ్డది కాదు. మారుగా మంచి తోట గాని, సొమ్ము గాని ఇత్తుననెను. నాబోతు వద్దన్నప్పుడు మంచముమీద పండుకొని ముఖము త్రిప్పుకొనుటతో ఆ కీడు మొదలైనది.

కడపట, ఇల్లు ఖాళీ చేయవలసిన దినమును గూర్చి. వెల కుదిరినప్పుడు దీనిని ఎవరును అడుగరు, తరువాత దానివలననే మాటలు పుట్టును. ఆ సహోదరి కుమారుడు ఆసుపత్రినుండి వచ్చువరకు, లేక అతని చిన్నబిడ్డల పరీక్షలు ముగియువరకు ఆమెను ఆ ఇంటనే ఉండనిచ్చుట కొనువానికి రెండు నెలల బాడుగకు మించిన నష్టము కాదు. ఆ తేదీని ఒప్పందపు కాగితములో వ్రాయించి, ఆమెకు చదివి వినిపించి, ఆ తరువాతనే బయానా ఆమె చేతికి ఇయ్యవలెను.