దొంగకు కనబడకూడదు, హక్కుదారుకు కనబడాలి

 

అల్లాహ్‌కు స్తోత్రం చెల్లించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై దరూద్ పంపిన తర్వాత, ఈ నెల ఒక ఇంటి విషయం మాట్లాడుకుందాం. అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, కాని ఎవరూ పైకి మాట్లాడరు. అదే దాచుకున్న సొమ్ము.

మన ఓర్వకల్లు ప్రాంతంలో పాత మట్టి మిద్దెల గోడల్లో గూళ్లు ఉండేవి. జొన్నలకు పాతర తవ్వినట్లే వెండికీ బంగారానికీ నేలలో కుండ పాతేవారు. తర్వాత చెక్క పెట్టెలు, ఇనప్పెట్టెలు వచ్చాయి. నేడు ఇనుప బీరువా లేని ఇల్లు అరుదు. అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న లాకరు పెట్టెలను కూడా కొందరు కొంటున్నారు. అయినా నాపరాయి బండ కింద, బియ్యం డబ్బా అడుగున, పోపుల డబ్బాలో, చీరల మడతల్లో దాచే అలవాటు పోలేదు. ఇలా దాచుకోవడంలో ధర్మం ఎంత, అధర్మం ఎంత అన్నది ప్రతి విశ్వాసీ తెలుసుకోవాలి.

తాళం వేయడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

అల్లాహ్‌పై నమ్మకం ఉన్నవాడికి తాళం ఎందుకు అని కొందరంటారు. ఇది పొరపాటు. ఒంటెను కట్టేయాలా, కట్టకుండా వదిలి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన మనిషికి, ముందు కట్టి, ఆ తర్వాత భారం వేయమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఈ హదీసు తిర్మిజీలో ఉంది. రాత్రివేళ అల్లాహ్ నామం పలికి తలుపులు మూయాలని, పాత్రలపై మూతలు పెట్టాలని, దీపాలు ఆర్పాలని కూడా ఆయన నేర్పారు. ఈ ఉపదేశం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అంటే గడియ వేయడం సున్నతు, గడియపైనే నమ్మకం పెట్టుకోవడం మాత్రం అవివేకం.

ఫిఖహ్ గ్రంథాలలో ‘హిర్జ్’ అనే మాట వస్తుంది. సొత్తును భద్రంగా ఉంచిన చోటు అని దానర్థం. దొంగతనానికి షరీఅతు నిర్ణయించిన శిక్ష పడాలంటే సొత్తు హిర్జ్ నుంచి పోయి ఉండాలన్నది ఫుఖహాల షరతు. దొంగ చేసింది పాపమే, అయితే సొత్తును భద్రమైన చోట ఉంచడం యజమాని బాధ్యత అని దీనివల్ల తెలుస్తుంది.

కాబట్టి బీరువా కొంటే దాన్ని గోడకో నేలకో బిగించండి, చిన్న పెట్టె అయితే తాళంతో పని లేకుండా దొంగ పెట్టెనే ఎత్తుకుపోతాడు. తాళంచెవి బీరువా పైనే పెట్టే అలవాటు మానండి. బియ్యం డబ్బా, పరుపు కింద, దేవిడీ గూడు వంటి చోట్లు మనకు తెలిసినట్లే దొంగకూ తెలుసు. సుగ్గికి పోయేవారు, ఊరు విడిచి పెళ్ళిళ్లకు వెళ్లేవారు ఆ సంగతి వీధంతా చెప్పుకోవద్దు. ఇంట్లో ఎంత బంగారం ఉందో నలుగురిలో అనడం దొంగకు దారి చూపడమే.

ఇనుము ఆపలేనివి

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచింది. ఎన్నో ఇళ్లలో బీరువాలకు తాళాలు వేసినవి వేసినట్లే ఉన్నాయి. నీటికి తాళంచెవి అవసరం లేదు. పట్టాలు, సర్టిఫికెట్లు, నోట్లు బురదలో కలిశాయి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్న ప్రకటన వచ్చింది. బ్యాంకుల్లో జమ చేయడానికి డిసెంబరు 30 వరకే గడువు. ఇల్లాలు ఏళ్ల తరబడి డబ్బాలో దాచిన నోట్లు అప్పుడు బయటికి తీయక తప్పలేదు. ఆ డబ్బాకు ఏ దొంగా చేయి పెట్టలేదు, అయినా లోపలి సొమ్ము ఒక్క రాత్రిలో విలువ మార్చుకుంది.

బ్యాంకు లాకరు సంగతీ తెలుసుకోండి. లాకరుకు కట్టేది అద్దె కనుక అది తీసుకోవడంలో దోషం లేదు. అయితే 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అగ్నిప్రమాదం, దొంగతనం, ఉద్యోగుల మోసం వంటివాటి వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు. ఆ లెక్క మన దగ్గరే ఉండాలి.

జకాతు ఇవ్వనిదే ‘కన్జ్’

వెండి బంగారాలను కూడబెట్టి అల్లాహ్ మార్గంలో ఖర్చు చేయనివారిని దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలోని 34, 35 ఆయతులు తీవ్రంగా హెచ్చరించాయి. ఆ లోహాన్నే కాల్చి వారి నుదుళ్లకు, పక్కలకు, వీపులకు వాతలు పెట్టడం జరుగుతుంది. ఇది విని, దాచుకోవడమే పాపమా అని భయపడనక్కరలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వివరణ ప్రకారం, జకాతు చెల్లించిన సొత్తు భూమిలో పాతి ఉన్నా కన్జ్ కాదు. చెల్లించనిది భూమి పైన కనబడుతున్నా అది కన్జే. తేడా దాచిన చోటులో లేదు, ఇచ్చిన హక్కులో ఉంది.

హనఫీ ఉలమాల లెక్కలో బంగారం నిసాబు ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండి నిసాబు యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. నేడు దుకాణాల్లో 10 గ్రాములనే తులం అంటున్నారు కనుక గ్రాముల్లోనే లెక్క వేయండి. ఏడాది నిండితే రెండున్నర శాతం ఇవ్వాలి. బంగారంతోపాటు వెండిగాని నగదుగాని ఉంటే కలిపి లెక్కించాలి, ఆ వివరం మీ ఊరి ఆలిమును అడగండి. స్త్రీ ధరించే నగకూ, పెట్టెలో ఉంచిన నగకూ హనఫీ మజ్‌హబులో జకాతు ఉంది.

మరో మస్అలా వినండి. బయలులో పాతి, చోటు మరిచిపోయిన సొమ్ము ఎన్నో ఏళ్లకు దొరికితే గడిచిన ఏళ్ల జకాతు లేదని హిదాయా గ్రంథం చెబుతుంది. ఇంట్లో పాతి మరిచిపోతే మాత్రం ఆ ఏళ్ల జకాతు కూడా ఇవ్వాలి. ఇల్లు మన చేతిలోనిది, వెతికితే దొరుకుతుంది కనుక. మరిచిపోయానన్న మాట ఇంటి గోడల మధ్య చెల్లదన్నమాట.

బీరువా ఎవరిది, సొమ్ము ఎవరిది?

తాళంచెవి మొలలో ఉన్నంత మాత్రాన సొమ్ము మనదైపోదు. భార్యకు ఇచ్చిన మహర్ ఆమెది. పుట్టింటివారు ఆమెకు ఇచ్చిన నగ ఆమెది. మన సీమలో బోరు వేయడానికో, విత్తనానికో భార్య గొలుసు కుదువ పెట్టడం మామూలైపోయింది. ఆమె మనసారా ఇస్తే అది ఆమె దయ. అడగకుండా బీరువా తెరిచి తీసుకుపోతే, లేదా కాదంటే కాపురం ఏమవుతుందో అన్న భయంతో ఆమె తల ఊపితే, దాన్ని ఇష్టం అనరు. ఇష్టపూర్వకంగా ఇస్తేనే అనుభవించండని నిసా సూరా నాలుగవ ఆయతు షరతు పెట్టింది. బయటి దొంగ కోసం ఇనుప తలుపు పెట్టినవాడు తన చేయి విషయంలో కూడా అల్లాహ్‌కు భయపడాలి.

ఇతరుల అమానతు విషయం ఇంకా బరువైనది. కువైట్‌కు పోయే తమ్ముడు, ఒంటరి ముసలమ్మ, సుగ్గికి పోయే పొరుగువారు తమ మూటను మన బీరువాలో పెట్టిపోతారు. దైవప్రవక్త (స)ను చంపాలని కుట్ర పన్నిన మక్కావాసుల సొమ్ములు కూడా ఆయన ఇంట్లోనే అమానతుగా ఉండేవి. శత్రువుకు సైతం అంతకన్నా భద్రమైన ఇల్లు కనిపించలేదు. హిజ్రతు వేళ, ప్రాణాపాయం ఉన్నా, ఎవరి సొమ్ము వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని ఆయన వెనుక ఉంచారు.

అమానతును విడిగా, పేరు రాసి ఉంచండి. మన అజాగ్రత్త లేకుండా పోతే పూచీ లేదు. అనుమతి లేకుండా వాడినా, వేరు చేయలేనట్లు మన డబ్బులో కలిపినా తిరిగి ఇవ్వవలసిందే. ఎవరికీ చెప్పకుండా మనిషి చనిపోతే, ఏది అమానతో తెలియకపోతే, అది అతని ఆస్తిపై అప్పుగా మారుతుందని హనఫీ ఫుఖహాలు రాశారు.

హజ్రత్ జుబైర్ (రజి) దగ్గర ఎవరైనా సొమ్ము దాచమని ఇస్తే, అమానతుగా వద్దు, అప్పుగా ఇవ్వమనేవారు. పోయినా పూచీ తనపై ఉండాలని. ఆయన మరణానికి ముందు కొడుకు అబ్దుల్లాహ్ (రజి)ని పిలిచి అప్పుల సంగతి చెప్పారు. లెక్క చూస్తే 22 లక్షలు తేలింది. కొడుకు ఆస్తి అమ్మి తీర్చి, ఆ తర్వాత కూడా నాలుగేళ్లు హజ్ సమయంలో, తండ్రి అప్పు ఉన్నవారు రండని చాటించి, అప్పుడు మాత్రమే వారసత్వం పంచారు. ఇది బుఖారీలో ఉంది.

దాచింది ఎవరికి తెలుసు?

ఇదే ఈ నాటి ముఖ్య విషయం. బద్ర్ యుద్ధానికి బయలుదేరే ముందు హజ్రత్ అబ్బాస్ (రజి) మక్కాలో సొమ్ము పాతి, తనకేమైనా అయితే పిల్లల్లో ఎవరికెంత అని భార్య ఉమ్ముల్ ఫజ్ల్‌కు చెప్పి వెళ్లారు. బందీగా పట్టుబడ్డాక తన దగ్గర డబ్బు లేదంటే, దైవప్రవక్త (స) ఆ సొమ్ము సంగతే అడిగారని సీరతు గ్రంథాలు తెలుపుతాయి. భార్యాభర్తలకు తప్ప ఎవరికీ తెలియని రహస్యం అల్లాహ్‌కు తెలుసు. అయితే ఆయన కనీసం భార్యకు చెప్పి వెళ్లారు. మనలో ఎందరు చెబుతున్నాం?

కహఫ్ సూరాలో ఇద్దరు అనాథల గోడ ఉంది. దాని కింద నిధి, దాన్ని ఉంచిన తండ్రి సద్వర్తనుడు. గోడ కూలబోతుంటే అల్లాహ్ ఆజ్ఞతో హజ్రత్ ఖిజ్ర్ (అలై) దాన్ని నిలబెట్టారు, పిల్లలు పెద్దవారై తమ సొమ్ము తీసుకోవాలని. మన గోడ నిలబెట్టడానికి ఖిజ్ర్ వస్తారని కూర్చోకూడదు. మనకు రాయమనే ఆదేశం ఉంది. అప్పును రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతు. వసీయతు చేయవలసింది ఉన్న ముస్లిం, అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

ఓర్వకల్లు మండలం 1990ల నుంచి ఆడవారి పొదుపు సంఘాలకు పేరుపొందింది. వడ్డీ విషయం వేరుగా మాట్లాడుకోవాలి గాని, ఒక మంచి అలవాటు అక్కడ ఉంది: ప్రతి రూపాయికీ పద్దు, అందరి ముందు లెక్క. అంత చక్కగా సంఘం పుస్తకం రాసే చేతులు ఇంటి బీరువాకు ఒక కాగితం రాయలేవా? ఏ నగ ఎవరిది, ఎన్ని గ్రాములు, ఎవరి అమానతు ఎంత, ఎవరికి అప్పు, ఎవరి నుంచి రావాలి, లాకరు ఏ బ్యాంకులో, పెట్టె అంకె ఏమిటి. రాసి ఇద్దరు నమ్మకస్తులతో సంతకం పెట్టించి, అంకెను మాత్రం విడిగా భార్యకో పెద్ద బిడ్డకో చెప్పండి. లాకరు నామినీ పేరు సొమ్ము అందుకోవడానికే. వాటాలు షరీఅతు ప్రకారమే, కూతురి వాటాతో సహా.

పోయినప్పుడు

ఎంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి పోతుంది. అప్పుడు పోలీసులకు చెప్పండి, సాక్ష్యం వెతకండి. అంజనం వేయించడానికి పోవద్దు. జోస్యుని దగ్గరకు పోయి అడిగినవాని నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని ముస్లిం హదీసు హెచ్చరిస్తుంది. నగ పోయిందని ఈమాను కూడా పోగొట్టుకుంటామా? పనిమనిషిపైనో, పేద చుట్టంపైనో రుజువు లేకుండా నింద వేయవద్దు. ఎక్కువ అనుమానాలకు దూరంగా ఉండమని హుజురాత్ సూరా ఆదేశం. దాచినవారే చోటు మరిచిన నగ నెల తర్వాత మడతల్లోంచి జారిపడవచ్చు. నింద పడినవారి పరువు మాత్రం ఏ మడతలోంచి తిరిగి వస్తుంది?

సోదరులారా! ఈ రోజే బీరువా తెరవండి. నిసాబు తూచండి, ఇతరుల మూటలు వేరు చేయండి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క రాయండి. మన సొమ్ము దొంగకు కనబడకుండా, హక్కుదారుకు దాగకుండా ఉంచే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన ఇళ్లను, మన అమానతులను, మన ఈమానును ఆయనే కాపాడుగాక! ఆమీన్.