అమ్మకు సెలవు ఎవరివ్వాలి?

బ్యాంకు ఉద్యోగులకు రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఒకటుంది. కీలకమైన బాధ్యతల్లో ఉన్నవాడు ఏడాదిలో ఒక్కసారైనా వరుసగా 10 పనిదినాలు సెలవులో ఉండి తీరాలి. 'నాకు వద్దు' అన్నా కుదరదు. ఇది ఉద్యోగి మీద దయతో పెట్టింది కాదు, మోసాలూ లోపాలూ బయటపడాలని పెట్టింది. అయితే దానివల్ల ఇంకో మేలు కూడా జరుగుతుంది. ఎంత సమర్థుడైనా అతని కుర్చీలో మరొకరు కూర్చోగలగాలన్న సంగతి ఏడాదికోసారి రుజువవుతుంది. ఒక్క మనిషి మీదే నిలిచిన పనిని ఏ సంస్థా క్షేమమనుకోదు.

సంస్థ విషయంలో మనకింత తెలివి ఉంది. ఇంటి విషయంలో మాత్రం లేదు. బుద్ధి ఎదగని బిడ్డ ఉన్న ఇంట్లో ఆ బిడ్డ తిండీ, స్నానమూ, నిద్రా, భయమూ అన్నీ ఒక్క మనిషి మీదే నిలబడి ఉంటాయి. ఆ మనిషి తొంభై పాళ్లు తల్లే. ఆమెకు సెలవు లేదు. ఆమె కుర్చీలో కూర్చునేవాళ్లూ లేరు. దాన్ని మనం ప్రమాదం అనము, త్యాగం అంటాము.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఇలాంటి వారు 15 లక్షలకు పైగా ఉన్నారని తేలింది. ఇప్పటి చట్టం దీన్ని మేధో వైకల్యం అంటుంది. పేరు మారితే మారింది, చాకిరీ మారలేదు.

మన కోలారు జిల్లాలోనే నేను పనిచేసిన ఒక శాఖకు అరవై దాటిన ఒకామె పింఛను రోజున కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. కొడుక్కి ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె కంటిలో పొర బాగా ముదిరింది. సంతకం చెయ్యాల్సిన చోటు తడుముకునేది. ఆపరేషన్ చేయించుకోమ్మా అంటే, "రెండు దినాలు ఆస్పత్రిలో ఉండల్ల అంటారు సామీ. వీణ్ని ఎవరి తావ ఇడిసి పోయేది?" అన్నది. పేదరికం గురించి ఆమె మాట్లాడలేదు. ఆపరేషన్ ఉచితంగా చేసేవాళ్లు ఉన్నారు. ఆమెకు లేనిది రెండు రోజులు. ఆ రెండు రోజులు లేక ఆమె చూపు పోగొట్టుకుంటూ ఉంది. ఆ చూపు పోతే కొడుకు ఏమవుతాడు? ఇంతకంటే నష్టపు లెక్క నా ఉద్యోగంలో నేను చూడలేదు.

ఈ రెండు రోజులు ఎవరి బాధ్యత? కుటుంబానిదా, ఊరిదా?

కుటుంబానిదే అనేవాళ్ల వాదాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కన్నవాళ్ల ప్రేమను జీతానికి వచ్చినవాళ్లు ఇవ్వలేరన్నది నిజం. బయట వదిలితే ఏమవుతుందోనన్న భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో పాక అంటుకుంటే గొలుసులతో కట్టేసిన 28 మంది కాలిపోయారు. వాళ్లు మానసిక రోగులు, విషయం వేరు. కానీ ఆ వార్త విన్న తల్లి తేడాలు చూడదు, బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంటుంది.

అయితే ఆ వాదం ఉమ్మడి కుటుంబాన్ని మనసులో పెట్టుకుని చెప్పేది. అత్తా, తోడికోడలూ, మేనత్తా ఉన్న ఇంట్లో తల్లికి సెలవు అడగకుండానే దొరికేది. మన బంగారు గనుల ఊళ్లలో ఇప్పుడు ఆ ఇల్లెక్కడ? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటినుంచి తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే బతుకైంది. చెల్లెలు పోతుంది, మరిది పోతాడు, వదిన గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతుంది. ఇంట్లో మిగిలేది ముసలి తల్లీ, ఎదగని బిడ్డా. కుటుంబం చూసుకోవాలి అన్నప్పుడు మనం అంటున్నది ఆమెనొక్కదాన్నే.

ఊరి బాధ్యత అంటే కొందరికి కొత్తగా తోస్తుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టాక ఆస్పత్రి వచ్చింది, బేతమంగళం నీళ్లు వచ్చాయి, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఇంటింటి తిప్పలుగా ఉన్నవి ఊరి ఏర్పాట్లయ్యాయి. కానీ కంపెనీ అవన్నీ బంగారం కోసం చేసింది. సొరంగంలోకి దిగగల ఒంటికి అక్కడ విలువ ఉంది. దిగలేనివాడు ఆ లెక్కలోకి రాడు. మున్సిపాలిటీ కూడా అదే లెక్క పాటిస్తే కంపెనీకీ ఊరికీ తేడా ఏముంది? ఊరన్నది పనికొచ్చేవాళ్ల జాబితా కాదు.

ఈ మాట నా సొంతం కూడా కాదు, రాజ్యాంగంలోనే ఉంది. 1993లో అమలుకు వచ్చిన సవరణలతో పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ అప్పగించదగిన పనుల పట్టికలు చేరాయి. వికలాంగుల, బుద్ధిమాంద్యం గలవారి సంక్షేమం ఆ రెండు పట్టికల్లోనూ ఉంది. కర్ణాటకలో స్థానిక సంస్థలు తమ నిధుల్లో 5 శాతం వికలాంగుల కోసం ఖర్చుపెట్టాలన్న నియమం కూడా ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద తాత్కాలిక ఆశ్రయానికి 'సమర్థ్' అనే పథకం వచ్చింది. దాన్ని నడిపేది నమోదైన స్వచ్ఛంద సంస్థలు. అలాంటి సంస్థ ముందుకు రాని ఊళ్లో చట్టం కాగితం మీదే ఉంటుంది.

2016 చట్టంలో సంరక్షకుల భత్యం ప్రస్తావన కూడా ఉంది. కానీ ఆ సెక్షన్ ప్రభుత్వం 'తన ఆర్థిక శక్తి మేరకు' అని మొదలవుతుంది. కామర్సు చదివినవాడికి ఆ నాలుగు మాటల అర్థం వెంటనే తెలుస్తుంది. అది షరతు పెట్టిన చెక్కు. ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు ఇలాంటి విశ్రాంతి గృహాలను చాలాకాలంగా నడుపుతున్నాయి. సంరక్షకుల అవసరాలను అంచనా కట్టి తీరాలని అక్కడ 2014లో చట్టం కూడా చేశారు. అయినా 2010 తర్వాత పైనుంచి నిధులు తగ్గేసరికి ఎన్నో చోట్ల ఆ ఇళ్లు మూసే ప్రతిపాదనలు వచ్చాయి, తల్లిదండ్రులు వీధికెక్కారు. డబ్బున్న దేశంలోనే ఇలాగైతే మనకెందుకు అనకూడదు. దయగా ఇచ్చింది ముందుగా కోతకు గురవుతుంది, నీళ్లలాగా అవసరమని ఒప్పుకున్నది నిలుస్తుంది. మనం నేర్చుకోవలసింది ఇదే.

ఇంతవరకూ తల్లి గురించే చెప్పాను. బిడ్డ మాటేమిటి? అతనికీ ఇందులో హక్కుంది. నలభై ఏళ్లు ఒక్క రాత్రి కూడా తల్లి పక్కన తప్ప నిద్రపోని మనిషిని ఊహించండి. ఆమె పోయిన రోజున అతను తల్లినీ, ఇంటినీ, పడకనూ, చేతిముద్దనూ ఒకే పూటలో పోగొట్టుకుంటాడు. భాషను కూడా పోగొట్టుకుంటాడు. మన పత్రిక చదివేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా ఆలోచించాలి. అతనికి వచ్చిన ఇరవై ముప్పై మాటలూ ఇంటి తెలుగే. 'బువ్వ', 'నొప్పి', 'భయం' అంటే తెలియనివాళ్ల మధ్య, బెంగుళూరులో ఏదో దూరపు హాస్టల్లో అతను ఏం చెప్పుకోగలడు? మనం తెలుగు బడుల కోసం అర్జీలు పెట్టాము, అది న్యాయమే. కానీ చదువుకున్నవాడు ఇంకో భాష నేర్చుకోగలడు. ఇతను నేర్చుకోలేడు. మాతృభాష మీద అందరికంటే ఎక్కువ ఆధారపడి బతికేది ఇతనే.

అందుకే ఆ ఇల్లు పెద్దదిగా దూరంగా కాక, చిన్నదిగా దగ్గరగా ఉండాలి. రాబర్ట్‌సన్‌పేటలోనో ఆండర్సన్‌పేటలోనో నాలుగు మంచాలు, కన్నడంతో పాటు తెలుగూ తమిళమూ తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆయాలు, ఎవరైనా ఎప్పుడైనా లోపలికి వచ్చి చూడగల తలుపు. ముందు ఒక పూట, తర్వాత ఒక రాత్రి, అవసరమైతే వారం. తల్లి బతికి ఉండగానే అతను ఆ ఇంటికీ, ఆ మనుషులకూ అలవాటు పడాలి. సాయంత్రానికి అమ్మ వస్తుందన్న నమ్మకంతో నేర్చుకున్న దూరం ఒకనాడు ఆమె రాని రోజున అతన్ని కాపాడుతుంది.

ఇందులో త్యాగాన్ని తక్కువ చేసేది ఏమీ లేదు. త్యాగం అన్న మాట వాడే ముందు, వద్దనుకునే అవకాశం ఆ మనిషికి ఉండిందా అని అడగాలి. వేరే దారి లేక మోసేది బరువు, అంతే. దాన్ని పొగిడి ఊరుకోవడం మనకు చౌక. ఆ చవకతనానికి ధర ఆమె కట్టుకుంటూ వస్తోంది.

మున్సిపాలిటీలో బడ్జెట్ మీద చర్చ ప్రతి ఏడూ జరుగుతుంది. ఆ 5 శాతం దేనికి ఖర్చయిందని అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఒక తెల్లకాగితం చాలు. తల్లులు వచ్చి అడగలేరు. వాళ్లకు ఇల్లు కదిలే వీలు లేదు. అడగవలసింది వీలున్నవాళ్లం, అంటే మనం.