సూది పట్టిన గురువులు

శరణ సంప్రదాయమునందు దీక్ష చేతినుండి చేతికి అందునది. గురువు ఇష్టలింగమును శిష్యుని అరచేతిలో ఉంచును. శిష్యుడు ఆ అరచేతినే పీఠముగా చేసికొని పూజించును. వాక్కుతో చెప్పినది చెవిలో నిలుచును; చేతితో ఇచ్చినది బ్రతుకులో నిలుచును. లోకములోని వృత్తివిద్యలలో సైతము ఇట్లు చేతినుండి చేతికి అందునవి పెక్కు కలవు. అందొకటి బొంతకుట్టు. నల్లగొండ, పాలమూరు సీమల పల్లెలలో ఇది బడికి పోయి నేర్చిన విద్య కాదు. అవ్వ మనుమరాలి వేలిని పట్టుకొని సూదిని గుడ్డలోనికి దింపించినప్పుడే ఈ విద్య దిగినది. ఏ పీఠమును ఎక్కకయే జీవితమంతయు గురుత్వము నెరపిన ఆ తల్లులను గూర్చి భక్తజనులు ఒకింత ఆలోచింపవలసి యున్నది.

బొంత పేరు చిన్నదే కాని పని చిన్నది కాదు. తొలుత పాత చీరలను, ధోవతులను ఉతికి ఆరవేయవలెను. చివికిన భాగమేది, బలమున్న భాగమేది అని వెలుతురునకెత్తి చూడవలెను. బలమైన గుడ్డ క్రిందను పైనను ఉండును; చివికినవి నడిమి పొరలగును. చినిగిన చోట మరొక ముక్కను పరతురు. ఇట్లు నాలుగైదు పొరలు నేలపై పరచి, అరచేతితో ముడుతలు సాపుచేసి, మూలలయందు బరువులు పెట్టి, పొడవైన టాకాలు వేసి నిలుపుదురు. అటుపిమ్మట అంచులు లోనికి మడచి, అంచునుండి నడిమికి వరుస వెంట వరుసగా కుట్టుకొనుచు వత్తురు. సూది ప్రతిసారి అన్ని పొరలను పట్టవలెను. ఒక్క పొర తప్పినను బొంత ఆ చోట ఉబ్బును. ఉతికినప్పుడు లోని గుడ్డ ముద్దగట్టును. దారమును మరీ బిగించినచో గుడ్డ కుంచించుకొని పోవును. మరీ వదలినచో కాలివేలు తగిలి కుట్టు తెగును. బిగువునకును వదులునకును నడుమనున్న ఆ కొలత మాటలకు అందదు. అందుచేతనే ఈ పనికి గురువు కావలెను.

నేర్పువారి తీరు గమనింపదగినది. వారు పిల్లకు ముందుగా సూది ఈయరు. గుడ్డ పరచినప్పుడు ఒక కొసను పట్టుకొమ్మందురు. తరువాత దారము ఎక్కించి ఇమ్మందురు. కొన్నాళ్లకు బొంతలో ఒక మూలను అప్పగింతురు. కుట్టు వంకరపోయినచో కోపింపక, దానిని విప్పించి మరల కుట్టింతురు. విప్పుటయు విద్యలో భాగమే. పొలము పనులు తీరిన ఎండకాలపు మధ్యాహ్నములందు ఇంటి నీడన నలుగురు స్త్రీలు నాలుగు ప్రక్కల కూర్చుండి ఒకే బొంతను కుట్టుచుండగా, పసివాండ్రు ఆ బొంతపైననే నిద్రపోవుదురు. ఆ తల్లుల కంటికి చినిగిన చీర చెత్తగా కనబడదు. కుట్టుపని దుకాణమున కత్తెరకు రాలిన ముక్కలను సైతము అడిగి తెచ్చి మూటగట్టి దాచుకొందురు. ఇంట బిడ్డ పుట్టునని తెలిసిన నాటినుండియే మెత్తని పాత చీర కొరకు వెదకుదురు. చూపు తగ్గిన పిమ్మట సూదిలో దారమెక్కించుటకు మనుమలను పిలుతురే కాని సూదిని మాత్రము వదలరు. దేవరకొండ ప్రాంతపు లంబాడీ తండాలయందు అద్దములు, గవ్వలు పొదిగి, రంగు గుడ్డలు అతికి కుట్టు విద్యయు ఇట్లే తల్లినుండి కూతునకు వచ్చినది. జాతి వేరైనను, భాష వేరైనను, ఆ అనురాగము ఒక్కటియే.

ఈ పనికి శరణ పరంపరలో స్థానము కలదా యని కొందరు అడుగవచ్చును. కలదు. 12వ శతాబ్దియందు కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో సూజికాయకద రామితండె యను నతడు ఒకడు. ఆయన పేరులోనే ఆయన పని యున్నది. సూది పట్టి బ్రతికిన ఆ శరణుడు వచనములు కూడ చెప్పెను. అంతకు పూర్వుడైన దేవర దాసిమయ్య నేతపని చేసిన భక్తుడు. ఆయన జన్మస్థలముగా చెప్పబడు ముదనూరు నేటి యాదగిరి జిల్లాయందు కలదు. మలప్రభతో కూడి కూడలసంగమమును పావనము చేసిన కృష్ణవేణియే ముందుకు సాగి నారాయణపేట జిల్లాలోని తంగడి వద్ద తెలంగాణమున ప్రవేశించుచున్నది. ఆ నీటితో పాటు ఆ భావమును ఈ నేలకు వచ్చినది. కాయకమునందే కైలాసము కలదను బోధ మగ్గమునకు ఒక నీతి, సూదికి వేరొక నీతి అని విభజింపలేదు.

అయిదక్కి మారయ్య కథ అందరెరిగినదే. రాలిన బియ్యపు గింజలను ఏరుట ఆయన కాయకము. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తెచ్చినప్పుడు ఆయన పత్ని లక్కమ్మ అది ఆశకు గుర్తని చెప్పి, మిగులును తిరిగి అక్కడనే పోసి రమ్మనెనని పెద్దలు చెప్పుదురు. ఆ కథకు రెండర్థములు కలవు. రాలినదానిని హీనముగా చూడరాదనునది మొదటిది. అక్కరకు మించినదానిని దాచరాదనునది రెండవది. బొంతకుట్టు తల్లి మొదటి అర్థమును తన జీవితముతో చూపినది. ఒకరు పారవేసినది ఆమె చేతిలో మరొకరికి చలి కాచునదయ్యెను. అయితే రెండవ అర్థము విద్యకును వర్తించును. తన చేతిలోని నేర్పు తనతోనే ముగిసిన, అది దాచిన ధాన్యము వంటిది. కాయకము దాసోహముతోనే పూర్ణమగును. విద్యకు దాసోహమనగా నేర్పుటయే.

ఇక్కడనే చిక్కు వచ్చినది. నేడు పెక్కు ఇండ్లలో అవ్వ నేర్పుటకు సిద్ధముగా ఉన్నది; నేర్చువారు లేరు. కొన్ని ఇండ్లలో అవ్వయే "ఈ పని నీకెందుకు బిడ్డా, చదువుకో" యని మనుమరాలిని లేవనెత్తుచున్నది. ఇందులో ఆ పిల్లను నిందించుట అన్యాయము. తన తల్లి కన్నులు గుంటలు పడునంత కుట్టినను ఆ పనికి విలువ కట్టినవారు లేరని ఆ పిల్ల చూచినది. బజారులో మర బొచ్చుదుప్పటి చవుకగా దొరకుచున్నది. దానిని కొనుట పాపము కాదు, చలికి ఏదియైనను మంచిదే. కాని లోకము ఈ తల్లులకు మెచ్చుకోలు ఇచ్చినది, కూలి ఈయలేదు. "ఎంత చక్కగా కుట్టినావమ్మా" యని అనినవారే, వెల అడిగినప్పుడు పాతగుడ్డలకు వెల యేమిటనిరి. లోపము అక్కడ ఉన్నది.

దీనికి తోడు అవమానమొకటి. బొంత బీదతనమునకు గురుతని చుట్టములు వచ్చినప్పుడు దానిని లోపల దాచువారు కలరు. పాలమూరు కూలీలు దూరదేశములకు ఆనకట్టల పనులకు, కాలువల పనులకు, రహదారుల పనులకు వలసపోయిన కాలమున మూటలో పక్కబట్టలు కట్టుకొనియే పోయిరి. ఆరుబయట పండుకొన్న ఆ శ్రమజీవుల వీపునకు, నేలకు నడుమ నిలిచినది ఇంటి ఆడవారి కుట్టు. దానిని చూచి సిగ్గుపడవలసినది కప్పుకొన్నవారు కాదు, అంత దూరము పంపిన కరవును చూచి ఊరకున్నవారు.

ఈ అవమానము గౌరవముగా మారగలదని చూపుటకు ఒక దూరదేశపు దృష్టాంతము కలదు. అమెరికా దేశమున అలబామా రాష్ట్రమందు, నది వంపున జీస్ బెండ్ అను పల్లె కలదు. ప్రత్తితోటలలో బానిసలుగా ఉంచబడినవారి సంతతియగు నల్లజాతి స్త్రీలు అచ్చట చినిగిన పనిబట్టలతో బొంతలు కుట్టి పిల్లలను చలినుండి కాచుకొనిరి, కూతుళ్లకు నేర్పిరి. 1966లో ఆ ప్రాంత స్త్రీలు ఒక సహకార సంఘముగా ఏర్పడి తమ పనిని అమ్మసాగిరి. 2002లో వారి బొంతలు హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలయందును, పిమ్మట న్యూయార్కునందును గోడలకెక్కెను. 2006లో ఆ దేశపు తపాలా శాఖ వాని చిత్రములతో 10 బిళ్లలు వెలువరించెను. గుడ్డలు అవియే, కుట్లు అవియే. మారినది చూచువారి కన్ను.

అంత దూరము పోనక్కరలేదు. నాటి నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 పునర్విభజన తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన పుట్టపాక గ్రామమును చూడుడు. చీరాల ప్రాంతమున పుట్టిన తేలియా రుమాలు విద్య అచ్చట సన్నగిల్లగా, ఈ గ్రామపు నేతపనివారు దానిని నిలిపిరి. నూలును నూనెయందును, ఆముదపు కాయల బూడిద నీటియందును పలుమార్లు నానబెట్టి, నేయుటకు పూర్వమే ముడులు కట్టి రంగులద్దు పని అది. ముడి ఒక పోగు తప్పినను చిత్రము చెదరును. గజం గోవర్ధనకు 2011లోను, గజం అంజయ్యకు 2013లోను పద్మశ్రీ పురస్కారములు లభించెను. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చెను. ఇచ్చట విద్య నిలుచుటకు కారణము గురువుల ప్రేమ మాత్రమే కాదు. నేర్చినవాని మగ్గమునుండి అన్నము వచ్చినది, నేర్పినవానికి పేరు వచ్చినది. ప్రేమకు ఈ రెండు ఊతలు లేనిచో అది గురువుతోనే వృద్ధమగును.

మరియొక పాఠమును అదే సీమ నేర్పినది. ఆలేరు మండలపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆసు పోయుచు పడు బాధను చూచెను. ఒక్క చీరకు ఆమె చేయి దాదాపు 9,000 సార్లు అటునిటు తిరుగవలసి యుండెను. భుజము నొప్పులతో ఆమె ఈ పని ఇక చేయలేననెను. కుమారుడు ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును రూపొందించి దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. వృత్తిని గౌరవించుట అనగా వృత్తిచేయువారి నొప్పిని గౌరవించుట కాదు. గురువు కన్నులు పోవుచుండగా ఆమె కుట్టును పొగడుచు కూర్చుండుట భక్తి కాదు. ఆమెకు కంటి పరీక్ష చేయించి అద్దములు కొనియిచ్చుట భక్తి. వెలుతురున్న చోట పీట వేయుట భక్తి. దూరపు టాకాలను కుట్టుమిషనుపై వేసి, చేతికి కావలసినంత పని మాత్రమే చేతికి విడుచుట భక్తి.

భక్తజనులు చేయదగినది అసాధ్యము కాదు. ప్రతి గ్రామమున ఈ విద్య తెలిసిన వృద్ధమాతలు ఎవరో గుర్తింపవలెను. మఠపు వసారా వారమునకు ఒక పూట ఖాళీగానే ఉండును. అచ్చట వారిని కూర్చుండబెట్టవలెను. నేర్పిన దినమునకు కూలి ముట్టజెప్పవలెను. అది దానము కాదు, గురుదక్షిణ. నేర్చువారిలో ఆడపిల్లలతో పాటు మగపిల్లలను కూర్చుండబెట్టవలెను. సూది పట్టిన రామితండె పురుషుడే గదా. చదువును మాన్పించి నేర్పరాదు. చదువునకు తోడుగా నేర్పవలెను. ఇంట బొంత కుట్టించుకొన్నవారు దుప్పటి వెలతో పోల్చక, పట్టిన దినములను లెక్కించి వెల ఈయవలెను. తొలి బొంతను ఊరిలో చలికి వణకువారికి ఈయవలెను.

అనుభవ మంటపమున పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య వంటివారికి సరిసమానమైన ఆసనము లభించినది. ఎవరి పని ఎంత గొప్పదని అచ్చట అడుగలేదు. ఎంత సత్యముగా చేసితివని అడిగిరి. పైకి కనబడని నడిమి పొరను సైతము విడువక పట్టిన కుట్టు అట్టి సత్యమునకు సాక్ష్యము. ఆ కుట్టు నేర్చిన చేయి ఇంకను పల్లెలలో వెచ్చగానే ఉన్నది. ఈ శీతకాలము ముగియకముందే ఒక చిన్న చేయి దాని ప్రక్కన చేరుగాక.