మనవాడెవడు? తగినవాడెవడు?



ఇరవై ఏళ్ళు దాటిన మాట ఇది. అప్పట్లో నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె విచారణకు కొత్తగా వచ్చిన గురువును. మరియ మాత పండుగకు యువకులు వాలీబాల్ పోటీలు పెట్టారు. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ జట్లు వచ్చాయి. నియమం ఒక్కటే. ఏ ఊరి జట్టులో ఆ ఊరి కుర్రవాళ్ళే ఆడాలి. ఆ నియమం రాసింది నేనే. రాసేటప్పుడు అది చాలా తేటగా కనిపించింది.

మా ఊరి జట్టులో పదిహేడేళ్ళ కుర్రవాడు ఒకడుండేవాడు. తల్లిదండ్రులు చెన్నైలో భవనాల పనికి వలస పోయినవాళ్ళు. వాడు పుట్టింది అక్కడే. రెండేళ్ళుగా ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. వాడు ఎగిరి కొట్టాడంటే అవతలి వాళ్ళు బంతిని వెతుక్కోవలసిందే. ఆట మొదలయ్యే ముందు అవతలి ఊరివాళ్ళు నా దగ్గరకు వచ్చి, "ఆడు ఈ ఊరోడు కాడు ఫాదర్ గారూ, మద్రాసోడు" అన్నారు. నియమం నియమమే కదా అని వాణ్ణి పక్కన కూర్చోబెట్టాను.

వాడి చోట ఎవరిని తీసుకున్నామో చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. షీల్డు కొనిచ్చి, పండుగ భోజనాలకు బియ్యం పంపించిన పెద్దాయన కొడుకు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతూ నాలుగు రోజుల సెలవుకు ఊరొచ్చాడు. మంచి పిల్లవాడే. బంతి ముట్టుకుని ఏడాదైంది. అతణ్ణి జట్టులోకి తీసుకోవడమే కాదు, కెప్టెన్‌ను కూడా చేశాను. పైగా మేం గెలిచాం. షీల్డు మా ఊళ్ళోనే ఉండిపోయింది. నా నిర్ణయాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

ఒక్క మనిషి తప్ప. మరునాడు ఉదయం పూజ అయ్యాక ఆ కుర్రవాడి అమ్మమ్మ గుడి మెట్ల దగ్గర నిలబడింది. "బాబూ, ఆడు ఈ ఊరి బియ్యం తింతన్నాడు, ఈ ఊరి నీలు తాగుతన్నాడు. నాకు జొరమొస్తే ఆసుపత్రికి మోసుకెల్లినోడు ఆడే. బంతికాడికొచ్చేసరికి ఈ ఊరోడు కాకండా పోనాడేటి?" అని అడిగింది. పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఆవిడకు జవాబు చెప్పలేకపోయాను.

ఆవిడ అడిగిన ప్రశ్నతోనే పెద్ద పెద్ద క్రీడా సంఘాలు నేటికీ తల పట్టుకుంటున్నాయి. రగ్బీ లీగ్ అనే ఆట ఒకటుంది. మన వైపు ఆడరు. జట్టుకు పదమూడు మంది, కోడిగుడ్డు ఆకారంలో బంతి. ఇంగ్లండు ఉత్తరాన బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళకు ఆట కోసం పోగొట్టుకున్న కూలి కట్టివ్వాలని పేచీ వచ్చి, 1895లో హడ్డర్స్‌ఫీల్డ్ పట్టణంలో కొన్ని క్లబ్బులు పాత సంఘం నుంచి విడిపోయినప్పుడు పుట్టిన ఆట ఇది. కూలివాళ్ళ ఆట కావడం వల్లనేమో, వలసల గొడవలన్నీ ఇందులో కనిపిస్తాయి. ఒక దేశం తరపున ఆడాలంటే అక్కడ పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రులలో ఒకరో, తాతలు, మామ్మలు, అమ్మమ్మలలో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి, అదీ కాకపోతే కొన్నేళ్ళు అక్కడ నివాసం ఉండాలి. మా ఊరి ముసలమ్మ వాదనకు వాళ్ళ నియమావళిలో చోటుందన్న మాట!

జేసన్ టౌమలోలో అనే ఆటగాడు న్యూజిలాండులోని ఆక్లండులో టోంగా దేశపు తల్లిదండ్రులకు పుట్టాడు. న్యూజిలాండు తరపున ఆడి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 2017 ప్రపంచ కప్పుకు ముందు నేను టోంగాకు ఆడతానన్నాడు. టోంగా మన జిల్లాలో మూల మండలాల లాంటిది. జనం తక్కువ, డబ్బు తక్కువ, కడుపు చేత పట్టుకుని పరాయి దేశాలకు పోయేవాళ్ళు ఎక్కువ. న్యూజిలాండు అభిమానులు ద్రోహమన్నారు. ఆ నవంబరులో హామిల్టన్ పట్టణంలో టోంగా 28-22తో న్యూజిలాండును ఓడించింది. ఆ కుర్రవాడు చేసింది ద్రోహమా? పుట్టిన నేల ఒకటి, అమ్మ ఒడిలో నేర్చిన భాష ఒకటి అయినప్పుడు, రెండింటికీ అతని మీద హక్కుంది. రెండు హక్కులలో బలహీనుడి వైపు నిలిచినవాణ్ణి ద్రోహి అనడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు.

అలాగని అమ్మమ్మ పేరు చెప్పిన ప్రతివాణ్ణీ నమ్మమని కాదు. ఈ ఆటకు అన్నలాంటి రగ్బీ యూనియన్‌లో 2000లో పెద్ద రభస జరిగింది. తాత మీవాడేనని చెప్పి వేల్స్ దేశానికి ఆడిన ఇద్దరు న్యూజిలాండు వాళ్ళకు అసలు వేల్స్‌లో పుట్టిన తాతే లేడని బయటపడింది. ఇంగ్లీషు పత్రికలు దానికి ముసలమ్మ పేరు పెట్టి నవ్వుకున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే ఏడాది రగ్బీ లీగ్ ప్రపంచ కప్పుకు వచ్చిన లెబనాన్ జట్టులో ఎక్కువమంది ఆస్ట్రేలియాలో పెరిగినవాళ్ళే. అలాంటప్పుడు సొంత గడ్డమీద దుమ్ములో ఆడుకునే పిల్లవాడి సంగతేమిటి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించండి. ఇంతసేపూ మనం మాట్లాడింది ఒక్క ప్రశ్న గురించే. మనవాడు ఎవడు? దీని వెనక రెండో ప్రశ్న ఉంది. మనవాళ్ళలో తగినవాడు ఎవడు? మొదటిది అర్హత. రెండోది ఎంపిక. మొదటిదానికి రక్తం, నేల, నివాసం జవాబు చెప్పవచ్చు. రెండోదానికి అవి జవాబు చెప్పకూడదు. ఆ పండుగనాడు నేను ఈ రెంటినీ కలగలిపేశాను.

ఈ కలగాపులగానికి పెద్ద ఉదాహరణ మన విజయనగరం నుంచే వచ్చింది. విజయనగరం పాఠకులు నన్ను మన్నించాలి. మహారాజ్‌కుమార్ విజయ ఆనంద గజపతిరాజు గారిని క్రికెట్ లోకమంతా విజ్జీ అని పిలిచేది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు ఆయన కెప్టెన్. ఆయన కింద ఆడినవారిలో సి. కె. నాయుడు ఉన్నారు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన మనిషి, 1932లో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించినవారు. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ, లాలా అమర్‌నాథ్ ఉన్నారు. మూడు టెస్టులలో కెప్టెన్ గారు చేసిన పరుగులు మొత్తం 33, సగటు 8.25. రెండు టెస్టులు ఓడి, ఒకటి డ్రా అయింది. 1933లో భారతదేశానికి మొదటి టెస్టు సెంచరీ సాధించిపెట్టిన అమర్‌నాథ్‌ను, మొదటి టెస్టు కూడా ఆడకముందే క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆ తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ ఆధ్వర్యంలో వేసిన విచారణ సంఘం 1937లో అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. కెప్టెన్‌కు ఫీల్డర్లను నిలపడం, బౌలర్లను మార్చడం తెలియలేదని కూడా చెప్పింది. ఆయనకు మాత్రం ఆ పర్యటనలో ఉండగానే సర్ బిరుదు వచ్చింది!

విజ్జీ గారిని చెడ్డవాడిగా చూపించాలని నాకు లేదు. 1930-31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహా ఆటగాళ్ళను తన ఖర్చుతో ఈ దేశానికి రప్పించి మన కుర్రవాళ్ళతో ఆడించింది ఆయనే. తరువాత క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆట మీద ఆయన ప్రేమ నిజం. ఆట ఆయనకు ఋణపడిన మాట కూడా నిజం. ఆ ఋణాన్ని కెప్టెన్ పదవితో తీర్చడమే తప్పు. 1932లో పోరుబందరు మహారాజు కూడా ఇలాగే కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్ళారు. తన ఆట ఏపాటిదో తెలుసుకుని, లార్డ్స్ మైదానంలో టెస్టు రోజున పక్కకు తప్పుకుని నాయుడుకు జట్టును అప్పగించారు. ఇద్దరూ రాజులే. ఒకరికి తన చోటు ఎక్కడో తెలిసింది.

పునీత తోమాసు అక్వినాసు గారు పక్షపాతమనే పాపాన్ని గూర్చి రాసిన చోట ఒక చక్కని భేదం చూపిస్తారు. ఒకరికి చదువు ఉంది గనుక అధ్యాపక పదవి ఇస్తే, అక్కడ చూసింది తగిన కారణాన్ని. ఫలానా మనిషి గనుక, డబ్బున్నవాడు గనుక, బంధువు గనుక ఇస్తే, అక్కడ చూసింది మనిషి ముఖాన్ని. మన తెలుగులో మొహమాటం అనే మాట ఉంది కదా, అందులోనూ మొహమే ఉంది. ఆయన అక్కడితో ఆగరు. ఒకే గుణం ఒక విషయానికి తగిన కారణమై, మరో విషయానికి కాకుండా పోవచ్చునంటారు. రక్త సంబంధం తండ్రి ఆస్తికి వారసుణ్ణి చేస్తుంది. అదే రక్త సంబంధం పీఠాధిపతిని చేయలేదు. విద్యార్థిగా ఇది చదివినప్పుడు పరీక్షకు పనికొచ్చే పాయింటు అనుకున్నాను. అమ్మమ్మ రక్తం ఆ కుర్రవాణ్ణి మైదానం గేటు దాటించడానికి చాలు. షీల్డు కొనిచ్చిన తండ్రి రక్తం కెప్టెన్ చేతి పట్టీ కట్టడానికి చాలదు. నేను మొదటిచోట రక్తాన్ని కాదన్నాను, రెండోచోట రక్తానికి దండం పెట్టాను.

"గెలిచారు కదా ఫాదర్ గారూ, ఇంకేం?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబు మన ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి చెబుతాను. కరణం మల్లీశ్వరి గారు 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్సుకు మన మహిళా వెయిట్‌లిఫ్టర్లుగా సనమాచా చానుతో పాటు ఆమెను పంపారు. ప్రపంచ పోటీల్లో ఎన్నో రజతాలు తెచ్చిన మణిపూరు కుంజరాణీ దేవికి చోటు దక్కలేదు. పత్రికల్లో విమర్శలు వచ్చాయి. బరువు అబద్ధమాడదు, నిజమే. 48 కిలోల తరగతి మనిషినీ 69 కిలోల తరగతి మనిషినీ పోల్చవలసి వచ్చేసరికి, ఆ ఇనుప ప్లేట్లు కూడా తీర్పు చెప్పలేవు. మనుషులే చెప్పాలి. సెప్టెంబరు 19న మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఒలింపిక్సులో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన జిల్లా ఆడపడుచు. ఆ రోజు మనమంతా పొంగిపోయాం. విమర్శించిన నోళ్ళు మూతపడ్డాయి.

కాని చదువరులారా, ఎంపిక జరిగింది పతకానికి ముందు. ఆ రోజున ఎంపిక చేసినవాళ్ళ చేతిలో ఉన్నవి పాత లెక్కలు, శిక్షణలో ఎత్తిన బరువులు, ఎదుటి దేశాల బలాబలాలు. న్యాయమో అన్యాయమో ఆ కారణాలను బట్టే తేలాలి. మల్లీశ్వరి చేయి జారి పతకం రాకపోయినా సరైన ఎంపిక సరైనదే అయ్యుండేది. పతకం వచ్చినంత మాత్రాన సరికాని ఎంపిక సరైపోదు. ఇంటి దగ్గర కూర్చుని టీవీలో చూసిన మనిషికి జవాబు పతకం కాదు, కారణం. కుంజరాణి 2004లో ఏథెన్సు వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచారు. ఒక్క మెట్టులో పతకం తప్పింది. ఆ సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది?

మా షీల్డూ అంతే. మేం గెలిచామన్నది ఆ ముసలమ్మకు జవాబు కాలేదు.

ఇప్పుడైతే ఏం చేస్తావు అంటారా? మన పిల్లల్ని తలచుకుని చెబుతాను. మన తీరం వాళ్ళు గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు పోతారు, ఇంకొందరు హైదరాబాదు, చెన్నైల్లో మట్టి పనికి పోతారు. పిల్లలు ఎక్కడో పుడతారు, ఎక్కడో చదువుతారు. పుట్టిన ఊరే ఊరు అని గిరి గీస్తే వీళ్ళకు ఏ ఊరూ ఉండదు. విజయవాడలో పుట్టిన తేజ నిడమానూరు న్యూజిలాండులో పెరిగి, ఉద్యోగానికి నెదర్లాండ్స్ వెళ్ళి, ఆ దేశానికే ఆడాడు. 2023లో ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో వెస్టిండీస్ మీద 111 పరుగులు చేశాడు. మనవాడు అని మనం చప్పట్లు కొట్టాం. వాళ్ళూ మావాడే అని కొట్టారు. అతణ్ణి చేర్చుకున్న ఆ దేశాన్ని మెచ్చుకుని, చెన్నైలో పుట్టిన మన కుర్రవాణ్ణి బల్ల మీద కూర్చోబెడితే ఎలా?

కాబట్టి గేటు దగ్గర చెయ్యి కొంచెం వదులుగా పట్టుకుంటాను. అమ్మమ్మ ఊరు చాలు, రెండేళ్ళ నివాసం చాలు. నాలుగు రోజుల సెలవుకు వచ్చినవాడు కూడా మనవాడే, కాదనను. జట్టు పేర్లు రాసేటప్పుడు మాత్రం ఆ కాగితం మీద ఎవరి నాన్న పేరూ ఉండకూడదు. ఏడాది పొడుగునా సాయంత్రాలు వల కట్టి విప్పిన సొంత ఊరి కుర్రవాడి చోటు పోతుందేమోనని భయమా? పోవచ్చు. పోతే, ఎందుకు పోయిందో వాడి ఎదుట నిలబడి చెప్పగలగాలి. ఆ ముసలమ్మ ఎదుట నేను చెప్పలేకపోయింది అదే.

పోయిన ఏడాది ఆ విచారణ పండుగకు నన్ను పూజకు పిలిచారు. ఆ అమ్మమ్మ ఇప్పుడు లేదు. మనవడు చెన్నైలోనే ఉన్నాడట, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలట. షీల్డు గుడి పక్క గదిలో బీరువా మీద ఉంది. దుమ్ము తుడిచి చూశాను. కెప్టెన్ అని రాసి, కింద ఆ ఇంజనీరింగు అబ్బాయి పేరుంది. దాని కింద జట్టు సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. ఆ రాత నాదే.