రాజద్రోహం, నమ్మకద్రోహం

తెలుగులో ద్రోహానికి చాలా పేర్లున్నాయి: రాజద్రోహం, స్వామిద్రోహం, మిత్రద్రోహం, నమ్మకద్రోహం. అన్నీ ఒకటి కావు. రాజద్రోహం ఏదో పాలించేవాడి చట్టం చెబుతుంది. పాలకుడు మారితే నిన్నటి ద్రోహి ఇవాళ దేశభక్తుడవుతాడు. నమ్మకద్రోహానికి ఆ వెసులుబాటు లేదు. నమ్మి ప్రాణం చేతిలో పెట్టినవాణ్ని నట్టేట ముంచితే, ఏ పక్షంలో ఉన్నా అది ద్రోహమే.

సైన్యాధికారి ద్రోహానికి లోకమంతా చెప్పుకునే పేరు బెనెడిక్ట్ ఆర్నాల్డ్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777లో సరటోగా దగ్గర వీరోచితంగా పోరాడి కాలికి దెబ్బ తిన్నవాడు. 1780లో వెస్ట్ పాయింట్ కోటకు అధిపతిగా ఉంటూనే, దాన్ని 20,000 పౌండ్లకు బ్రిటిష్ వారికి అప్పగించడానికి బేరమాడాడు. కోట కాగితాలను మేజోళ్లలో దాచుకుని వెళ్తున్న బ్రిటిష్ అధికారి ఆండ్రీ పట్టుబడి ఉరికంబమెక్కాడు. ఆర్నాల్డ్ శత్రువుల దగ్గరికి పారిపోయాడు. సరటోగాలో ఆ గాయపడిన కాలికి ఒక స్మారకశిల ఉంది. దాని మీద బూటు చెక్కారు, పేరు చెక్కలేదు.

బ్రిటిష్ చట్టం దృష్టిలో అమెరికా సేనాధిపతి వాషింగ్టన్ కూడా రాజద్రోహే. అయినా ఇద్దరినీ ఎవరూ ఒకే గాటన కట్టరు. వాషింగ్టన్ ఎదురు నిలిచి పోరాడాడు. ఆర్నాల్డ్ పదవిలో ఉండి, తన మాట మీద కాపలా కాస్తున్న సైనికులనే అమ్మజూశాడు.

తెలుగునేల మీద గోల్కొండ కథా ఇదే చెబుతుంది. 1687లో సుమారు ఎనిమిది నెలలు ఔరంగజేబు ముట్టడికి లొంగని కోటకు లోపలి నుంచి తలుపు తెరిచినవాడు అబ్దుల్లా ఖాన్ పన్నీ, గోల్కొండ సుల్తాను తానాషా కొలువులోని సేనాధికారి. అదే కోటలో మరో సేనాధికారి అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లు తూట్లు పడేదాకా కత్తి దించలేదు. గెలిచిన ఔరంగజేబే అతనికి వైద్యం చేయించాడు. ద్రోహం వల్ల లాభపడ్డవాడు కూడా విశ్వాసానికే మర్యాద చేశాడు.

అధర్మపక్షాన్ని వదలడం ద్రోహమా అన్న ప్రశ్నను మన ఇతిహాసాలు ఎప్పుడో ఎత్తుకున్నాయి. కురుక్షేత్రంలో యుద్ధం మొదలుకాకముందే, ధర్మరాజు పిలుపు విని కౌరవ పక్షంలోని యుయుత్సుడు అందరూ చూస్తుండగా పాండవుల వైపు నడిచాడు. అతన్ని ద్రోహి అన్నవారు లేరు. విభీషణుడు కూడా నిండుసభలో అన్నకు హితం చెప్పి, చెవిన పెట్టకపోతేనే వెళ్లాడు. కానీ తర్వాత ఇంద్రజిత్తు యాగ రహస్యం బయటపెట్టాడు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత అక్కడ పుట్టిందే. జనం అతని ధర్మాన్ని ఒప్పుకున్నారు, కానీ తమ బిడ్డకు ఆ పేరు పెట్టుకోరు. పక్షం మారడంలో తప్పు లేకపోవచ్చు. ఒకప్పటి నమ్మకంతో తెలిసిన గుట్టును ఆయుధం చేసుకోవడం మాత్రం బరువుగానే మిగులుతుంది.

ఈ తూకంతోనే ఉత్తరాంధ్రలోని కురుపాం కొండల చరిత్రను చూడాలి. అక్కడ సవర, జాతాపు గిరిజనుల భూములు షావుకార్ల అప్పుల కింద చేజారాయి. ఏజెన్సీ భూమి అలా చేతులు మారకుండా 1917లోనే చట్టం వచ్చింది. అమలు చేయాల్సినవారు చేయలేదు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకు బయల్దేరినవారిని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. 1968 చివర్లో సాయుధ పోరాటం మొదలైంది. దాన్ని నడిపిన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో పోలీసు తూటాలకు బలయ్యారు. మిగిలినవారి మీద ప్రభుత్వంపై యుద్ధానికి కుట్ర పన్నారంటూ పార్వతీపురం కుట్ర కేసు నడిచింది.

చట్టం దాన్ని రాజద్రోహంగా చూసింది. ఆ పోరాటంలో జరిగిన హత్యలను నేరాలుగా తూచాలి, మినహాయింపు లేదు. కానీ వాళ్లు ఎవరి నమ్మకాన్నీ అమ్ముకోలేదు. బాహాటంగా ఎదురు తిరిగారు. నమ్మకం చెడింది అంతకుముందే, గిరిజనుడి భూమికి కాపలా ఉంటానన్న చట్టం యాభై ఏళ్లు కళ్లు మూసుకున్నప్పుడు.

1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్ ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని పూర్తిగా నిషేధించింది. అది ఇప్పటికీ అమల్లో ఉంది. దాన్ని అమలు చేసే కుర్చీలో ఎవరు కూర్చున్నా, గోల్కొండ తలుపు దగ్గర నిలబడ్డ అధికారికి ఉన్న బాధ్యతే వారికీ ఉంది.