బల్లకు ఇవతల కూర్చున్నవాడి బాధ్యత

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు మేనేజరువి అయ్యావని, ఇకమీదట మీ టీములోకి ఎవర్ని తీసుకోవాలో తేల్చేవాళ్లలో నువ్వూ ఒకడివని విని మీ అత్తయ్య ఆ పూట పాయసం వండింది. మా అందరికీ గర్వంగానే ఉంది. కానీ అదే ఫోనులో నువ్వన్న ఇంకో మాట నాకు మింగుడు పడలేదు. "నల్లవాళ్లు వివక్ష, వివక్ష అంటారు గానీ మావయ్యా, కష్టపడితే ఈ అమెరికాలో ఎవరికి ఉద్యోగం రాదు? మనం రెండు సూట్‌కేసులతో దిగాం, మనకెవరు పెట్టారు?" అన్నావు. అప్పుడే వాదనకు దిగితే మాటా మాటా పెరుగుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఎవరి బతుకుకు వాళ్లే బాధ్యులన్నది నేనూ నమ్ముతాను. చదవకుండా, నేర్చుకోకుండా, వేళకు పనిలోకి రాకుండా ఉద్యోగం కావాలంటే ఎవరిస్తారు? నా పిల్లలకూ అదే చెప్పాను. అయితే నువ్వు ఆ సూత్రాన్ని ఉద్యోగం అడిగేవాడికే వర్తింపజేస్తున్నావు. ఇచ్చేవాడి బాధ్యత మాట నీ నోట రాలేదు. ఇప్పుడు నువ్వు ఇచ్చేవాడి కుర్చీలో కూర్చున్నావు కాబట్టే ఈ ఉత్తరం.

ముందు ఆ రెండు సూట్‌కేసుల సంగతి చూద్దాం. 1923లో ఈ దేశపు సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే పంజాబీని తెల్లవాడు కాదని తేల్చి, పౌరసత్వానికి అర్హుడు కాదంది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. 1946లో చట్టం కాస్త సడలించి, మన దేశం మొత్తానికి ఏడాదికి సుమారు 100 మందికి చోటిచ్చారు. మనబోటి వాళ్లకు తలుపు బార్లా తెరిచింది 1965 వలస చట్టం. అది ఊరికే ఊడిపడలేదు. నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించుకున్న పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. ఆ గాలిలోనే జాతిని బట్టి మనుషుల్ని లెక్కగట్టే పాత వలస పద్ధతి కూడా కూలింది. ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం, ఆడామగా తేడాలతో పాటు పుట్టిన దేశాన్ని బట్టి కూడా వివక్ష చూపకూడదన్నది ఆ 1964 చట్టమే. రేపు నీ యాస వెక్కిరించి నీకు ప్రమోషన్ ఆపితే నువ్వు ఆశ్రయించేదీ దాన్నే. మనకెవరు పెట్టారని అడిగావు కదా, కొంత వాళ్లు పెట్టారు.

పైగా మనం వచ్చిన తీరు వేరు. ఆ 1965 వలస చట్టం డాక్టర్లకూ ఇంజనీర్లకూ పెద్దపీట వేసింది. మన ప్రభుత్వ కాలేజీల్లో ప్రజల సొమ్ముతో చదువుకున్నవాళ్లు విమానమెక్కారు. విత్తనాలకు ఏరి పెట్టిన గింజల్ని చూపించి పొలమంతా ఇలాగే పండాలి కదా అంటే రైతు నవ్వుతాడు.

ఇక కష్టపడితే రాదా అన్న ప్రశ్న. దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. షికాగో, బోస్టన్ నగరాల్లో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఇద్దరు ఆర్థికవేత్తలు, బెర్ట్రాండ్, ముల్లైనాథన్, సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపారు. అర్హతల్లో తేడా లేదు, పేర్లే వేరు. కొన్నిటి మీద ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ల పేర్లు. కొన్నిటి మీద లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్ల పేర్లు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. తెల్ల పేరుకు పది దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే, నల్ల పేరుకు పదిహేనుకు ఒకటి వచ్చింది. నిన్ను ఆలోచించమనేది దీని తరవాతి సంగతి గురించి. దరఖాస్తులో అనుభవం, నైపుణ్యాలు పెంచి రాస్తే తెల్ల పేర్లకు పిలుపులు దాదాపు 30 శాతం పెరిగాయి. నల్ల పేర్లకు చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. అంటే ఒకే కష్టానికి ఇద్దరికీ ఒకే ఫలం దక్కలేదు. అంతకు ఏడాది ముందు, 2003లో, డెవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీలో చేసిన పరిశోధన అచ్చయింది. జైలుకెళ్లొచ్చానని చెప్పుకున్న తెల్ల కుర్రాళ్లకు నూటికి 17 చోట్ల పిలుపొస్తే, ఏ మచ్చా లేని నల్ల కుర్రాళ్లకు వచ్చింది 14 చోట్ల.

నల్లవాళ్లు తమ బాధ్యత తాము గుర్తించరన్న అపవాదు కూడా నిలవదు. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881లో టస్కీగీ విద్యాలయాన్ని నిలబెట్టి, చేతిపని నేర్చుకోండి, పొదుపు చేయండి, మిమ్మల్ని మీరు నిలబెట్టుకోండి అని జీవితమంతా బోధించాడు. మరో నల్లజాతి మేధావి దుబోయిస్ ఆయనతో వాదులాడింది కష్టపడొద్దని కాదు. ఓటూ, చదువూ, చట్టం ముందు సమానత్వమూ లేకుండా ఒట్టి కష్టం మనిషిని గట్టెక్కించదని. నూరేళ్లు దాటినా వాళ్లిళ్లలో ఈ చర్చ సాగుతూనే ఉంది. బయట నిలబడి మనం దాన్ని వాళ్లకు కొత్తగా నేర్పనక్కర్లేదు.

"నాకు రంగుతో పనిలేదు, అందరికీ ఒకటే పరీక్ష" అంటావు. మంచిదే, కానీ ఆ పరీక్ష దేనికో కూడా అడుగు. నార్త్ కరొలైనాలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ ఒక ప్లాంటులో నల్లవాళ్లను కూలి విభాగానికే పరిమితం చేసింది. అక్కడ అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేవాడికి కూడా, మిగతా విభాగాల్లో అందరికన్నా తక్కువ తీసుకునేవాడి జీతం రాదు. 1965 జులై 2న పౌరహక్కుల చట్టంలోని ఉద్యోగాల భాగం అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజున ఆ కంపెనీ మంచి విభాగాల్లో చేరాలంటే హైస్కూలు పట్టాతో పాటు తెలివితేటల పరీక్షలు కూడా నెగ్గాలని పెట్టింది. ఆ పట్టా లేకుండానే, ఆ పరీక్షలు రాయకుండానే పాత తెల్ల ఉద్యోగులు అవే పనులు చక్కగా చేసుకుపోతున్నారు. 1971లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో పాల్గొన్న ఎనిమిదిమందీ ఒకే మాట మీద నిలబడి, పనితో సంబంధం లేని పరీక్ష పెట్టి మనుషుల్ని వడగట్టడం చెల్లదన్నారు. దీన్ని గ్రిగ్స్ కేసు అంటారు. నీ కొత్త ఉద్యోగంలో అవసరమొస్తుంది, చదువు.

ఇదంతా చెప్పి నిన్ను నిరాశపరచాలని కాదు. ఇటీవల మరో పరిశోధకుల బృందం 108 పెద్ద కంపెనీలకు సుమారు 83,000 కల్పిత దరఖాస్తులు పంపింది. తేడా ఉంది, కానీ అన్నిచోట్లా ఒకేలా లేదు. నల్లవాళ్లు పోగొట్టుకున్న పిలుపుల్లో దాదాపు సగానికి, ఐదో వంతు కంపెనీలే కారణం. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటే. మనుషులు తలుచుకుని తమ పద్ధతి దిద్దుకుంటే ఇది తగ్గుతుంది. ఇది ఎవరూ ఆపలేని వాన కాదు.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ మన దేశంలోనే ఇలాంటి పరిశోధన అచ్చువేశారు. అవే అర్హతలున్నా దళితుల పేర్లకు పైకులాల పేర్లకన్నా పిలుపులు తక్కువ, ముస్లిం పేర్లకు ఇంకా తక్కువ. "ఇంటిపేరేమిటి బాబూ, ఏ ఊరు మీది" అన్న ఆరా సముద్రం దాటినా మనల్ని వదల్లేదు. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. మనవాడికి రిఫరల్ ఇవ్వడం తప్పని నేననను. కానీ నీ టీములో పదిమందీ మన కాలేజీవాళ్లూ, మన ఊరివాళ్లే అయితే, పదకొండోవాడికి తలుపెక్కడుందో తెలిసే దారే ఉండదు.

అందుకని నాలుగు మాటలు పాటించు. దరఖాస్తులు తెరవకముందే ఆ పనికి ఏమేం కావాలో రాసిపెట్టుకో. అందరినీ అవే ప్రశ్నలు అడుగు, మార్కులు అప్పటికప్పుడే వేయి. "ఎందుకో మనతో కలవడనిపించింది" అని ఎవరైనా అంటే, ఎందుకో రాసిమ్మను. రాయలేకపోతే ఆ మాట పక్కన పెట్టు. ఎవర్ని వద్దన్నా కారణం కాగితం మీద ఉండాలి, అది ఆ మనిషికి చదివి వినిపించినా నువ్వు తలదించుకోనక్కర్లేనిదై ఉండాలి.

నీకే ఎప్పుడైనా అన్యాయం జరిగిందనిపిస్తే, ముందు నీ తయారీ సరిచూసుకో. ఒక్క ఉద్యోగం రాకపోవడం వివక్షకు రుజువు కాదు. కానీ నీకన్నా తక్కువ అర్హతలున్నవాళ్లు ముందుకెళ్తూ నువ్వు ఆగిపోతుంటే తేదీలతో సహా రాసిపెట్టుకో. ఉద్యోగాల్లో వివక్షపై ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేయడానికి మామూలుగా 180 రోజుల గడువు, చాలా రాష్ట్రాల్లో 300. మొహమాటంతో ఆ గడువు దాటనీయకు.

నీ ముందు కూర్చున్న నల్లజాతి కుర్రాడికి పని రాకపోతే నిర్మొహమాటంగా వద్దను, తప్పులేదు. పని వచ్చినవాణ్ని మాత్రం నీ బద్ధకం వల్లో, నీ భయం వల్లో పోగొట్టుకోకు. వాడు తన బాధ్యత తీర్చుకుని నీ బల్ల దాకా వచ్చాడు. అక్కణ్నుంచి బాధ్యత నీది. నాతో ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోలేదో రాసి పంపు, దానికీ జవాబిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య